చక్కెర ఓడ పక్కనుంచి దారి

కెనడాలో మా ఊరు సార్నియా. ఇక్కడి కాలేజీకి కొత్తగా వచ్చే మన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. బస్సులు అంతంతమాత్రంగా ఉన్న ఊరు కాబట్టి, తిన్నాక వాళ్ళని కార్లో దింపిరావడం మా ఆయన ఉద్యోగం. మొన్న అలా వచ్చిన ఒకమ్మాయి, కిటికీలోంచి నదిలో పోతున్న పెద్ద ఓడని చూస్తూ అడిగింది.

"ఆంటీ, మీరు పోర్టుల్లో వర్క్ చేశారంట కదా! ఏయే కంట్రీస్ తిరిగారు?"

"కాలు తడవలేదమ్మా" అన్నాను.

జోకనుకుని నవ్వింది. జోకు కాదు. నదుల అడుగున ఎక్కడ ఎంత లోతుందో పడవల వాళ్ళు పరికరాలతో కొలిచి పంపితే, ఆ అంకెల్లోంచి ఓడ నడిచే దారిని గీయడం నా పని. నీటిమీద రాతలు నిలవవంటారు గానీ, నేను రాసినవి నిలవకపోతే ఓడలు నిలిచేవి కావు. రిటైరయ్యేదాకా ఈ ఊళ్ళోనే, ఒక చిన్న కంపెనీలో, నదికి ఎదురుగా ఉన్న గదిలో కూర్చుని ఎక్కడెక్కడి నదులకో దారి చెప్పాను. నేను మాత్రం ఒడ్డున పడ్డదాన్నే. పడి, అక్కడే ఉండిపోయినదాన్ని.

ఆ అమ్మాయికి సగం కథే చెప్పాను. మిగతా సగమంతా అసూయ. అన్నాల దగ్గర అది చెబితే పప్పు పులిసిపోతుంది. కాగితమ్మీదైతే మొహం కనబడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

యుద్ధం ఆగిన ఒక దేశంలో, సముద్రానికి కాస్త లోపలగా, వెడల్పాటి నది ఒడ్డున ఒక పాత రేవు పట్టణం ఉంది. దాని పేరు రాయను. రాయకూడదని ఒప్పందంలో ఉంది. లేకపోయినా రాసేదాన్ని కాదు. రాస్తే మీరు టికెట్ కొనుక్కుని వెళ్ళి చూసొస్తారు. నేను చూడని ఊరు మీరెందుకు చూడాలి?

ఒకప్పుడు దేశదేశాల ఓడలు ఆగిన ఊరట అది. కస్టమ్స్ భవనం మీద గడియారం గోపురం ఉండేది, యుద్ధంలో గోపురం సగం పోయింది. మిగిలిన సగంలో గడియారం ముల్లొకటి వేలాడుతుండేది. రేవు క్రేన్లు మోకాళ్ళ దగ్గర విరిగి, నీళ్ళు తాగుతున్న కొంగల్లా వంగి ఉండేవి. ఒడ్డంతా ఖర్జూరపు చెట్లు, చాలావాటికి తలల్లేవు. రేవు ఎదుట నదిలో మునిగిపోయిన ఓడలు. వాటన్నిటిలోకీ ప్రసిద్ధమైనది చక్కెర మోసుకొస్తూ మునిగిన ఓడ. దాని చుట్టూ పట్టే చేపలు తియ్యగా ఉంటాయని ఆ ఊరివాళ్ళ నమ్మకం. దాన్ని 'చక్కెర ఓడ' అనే పిలిచేవారు.

ఊరొదిలి పోయినవాళ్ళు ఒక్కో కుటుంబంగా తిరిగొస్తున్నారు. బడి కూలిపోతే పిల్లలకి కస్టమ్స్ గోడౌన్లో పాఠాలు చెబుతున్నారు. నదిలోకి దిగే రాతిమెట్ల మీద ఒకావిడ, మొగుడు యుద్ధంలో పోయినావిడ, రేకుల కింద టీ పొయ్యి పెట్టింది. తిరిగొచ్చినవాళ్ళు ఇళ్ళకన్నా ముందు ఆ పొయ్యి దగ్గరికి వెళ్ళేవారట, ఎవరెవరు బతికున్నారో తెలుసుకోవడానికి. సైన్యం వచ్చి మందుపాతరలు ఏరేసింది. ఇక కావలసింది ఓడ. ఓడ రావాలంటే దారి కావాలి. ఆ దారి పని మా కంపెనీకి వచ్చింది.

వెళ్ళడానికి ఒక్కరికే అవకాశం. యుద్ధం నిన్నమొన్న ఆగిన చోటికి అంతకు మించి ఇన్సూరెన్స్ ఒప్పుకోదు. ఆఫీసులో ఇద్దరం చేతులెత్తాం. ఒకటి నాది. రెండోది నాకన్నా బాగా చిన్నవాడైన మా సహోద్యోగిది. వరంగల్ వైపు అబ్బాయి, అమెరికా మీదుగా కెనడాకి వచ్చినవాడు, నన్ను 'అక్కా' అని పిలిచేవాడు. మా యజమాని ఒకప్పుడు సరస్సుల్లో సరుకు ఓడలు నడిపిన కెప్టెన్. మా ఇద్దర్నీ చూసి, పడవలోంచి ఓడమీదికి ఎక్కే తాడు నిచ్చెన ఎక్కి చూపించమన్నాడు. మూడో మెట్టు మీద నా కుడి మోకాలు నొప్పితో బిగుసుకుపోయింది. ఒకరి పనికి ఇంకొకరు మోకాలడ్డడం విన్నాను గానీ, నా మోకాలు నాకే అడ్డడం అదే చూడ్డం.

అబ్బాయి వెళ్ళాడు. అసూయ వచ్చింది. వచ్చి, నా గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

పొద్దున్నే కాఫీ పెట్టుకుని కంప్యూటర్ తెరిచేసరికి, అక్కడ మధ్యాహ్నం దాటి ఉండేది. వీడియోలో అతను కనిపించేవాడు, ఎండకి నల్లబడి, వెనకాల నది మెరుస్తూ.

"అక్కా, ఇయ్యాల ఏం తిన్ననో చెప్పున్రి."

"చేప."

"ఎట్ల తెలిసింది?"

"నిన్నా అదే, మొన్నా అదేగా నాయనా."

"గట్ల కాదక్కా! ఇయ్యాల చక్కెర ఓడ చేప. మధ్యకు చీరి, ఎండు కట్టెల మంట పక్కన నిలబెట్టి కాలుస్తరు. టీ పొయ్యి ఆమె నాకోసమని పెద్దది పక్కకు పెట్టింది. నన్ను వాళ్ళ భాషల ఏమంటున్నరో తెలుసా? 'మా నది అల్లుడు' అంటున్నరు!"

అల్లుడు! ఆ ఊరికి వెళ్ళి పట్టుమని ఒక ఋతువు కాలేదు. నేను సార్నియాలో ఇన్నేళ్ళనుంచి ఉంటున్నాను. ఇప్పటికీ వంతెన కింద ఫ్రైస్ బండివాడు నన్ను 'మీరు ఊరికి కొత్తా?' అని అడుగుతాడు.

కాల్ అయిపోయాక నా ముందు అంకెలు మిగిలేవి. ఊరు అతన్ని భోంచేయించి, నన్ను ఊరించేది. రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో చెప్పుకుంటే, ఆయన కంచంలోంచి తలెత్తకుండా అడిగేవాడు.

"నీ బాధ ఊరి గురించా, చేప గురించా?"

"నది గురించి. ఆ నది లోతులన్నీ తెలిసింది నాకు. అల్లుడేమో అతను."

"అయితే నువ్వు అత్తగారివన్నమాట. అందుకే ఇంత సాధింపు."

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి, భయపడకండి. కొలిచే పడవ నదిలో పొలం దున్నినట్టు చాళ్ళు చాళ్ళుగా తిరుగుతుంది. కిందికి శబ్దాన్ని పంపి, అది అడుగుని తాకి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు కడుతుంది. ఒక చాలుకీ ఇంకో చాలుకీ మధ్య చిన్న ఖాళీ మిగిలితే, పక్కన ఉన్న లోతుల్ని చూసి సాఫ్ట్‌వేర్ దాన్ని నింపేస్తుంది. నింపిన చోటికీ కొలిచిన చోటికీ తెరమీద రంగులో తేడా ఉండదు. తేడా తెలియాలంటే పడవ నడిచిన జాడని విడిగా తెరిచి చూడాలి. మామూలుగా చివర్లో ఒకసారి పైపైన చూస్తారు.

నేను రోజూ చూసేదాన్ని. ఎందుకంటే ఆ జాడలో అతను భోజనానికి ఎప్పుడు వెళ్ళాడో, ఎంతసేపు తిన్నాడో కనబడేది. పడవ నదిలో తిన్నగా నడుస్తూ నడుస్తూ, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మెట్లవైపు వంగేది. అక్కడ ఒక చిక్కుముడిలా ఆగేది. తర్వాత మళ్ళీ మొదలయ్యేది. 'ఇదిగో, చేప' అనుకుంటూ కాఫీ తాగేదాన్ని. నా కాఫీ చేదుగా ఉండేది.

కొలతలు పూర్తయ్యాయి. రేవు తెరిచే రోజు ప్రకటించారు. పిండి, సిమెంటు వేసుకుని మొదటి ఓడ వస్తుంది. నేను గీసిన దారి సముద్రం నుంచి వచ్చి, ఊరి ముందు మలుపు తిరిగి, చక్కెర ఓడకీ రాతిమెట్లకీ మధ్యనుంచి పాత రేవుకి చేరుతుంది. వేరే దారి లేదు. అవతలి వైపంతా ఇసుక మేట. సంతకం ఒక్కటే మిగిలింది, అది నాది.

ఆ పొద్దున సంతకం పెట్టబోతూ, అలవాటు చొప్పున చివరి రోజు భోజనం చూశాను. తర్వాత ముందు రోజుది, దాని ముందుది, అన్నీ ఒకదానిమీద ఒకటి పరిచాను. భోజనం ఎప్పుడూ ఒకే చోట. మెట్ల ఎదురుగా రాగానే చాలు విరిగేది. తిన్నాక పడవ విరిగిన చోటికి వెనక్కి పోకుండా, మెట్ల దగ్గర్నుంచి ముందుకే సాగేది. ఒక రోజు ఖాళీ అయితే పక్క చాలు కప్పేస్తుంది. అన్ని రోజులూ అదే చోట ఖాళీ అయితే కప్పేదెవరు? చక్కెర ఓడకీ మెట్లకీ మధ్య, సరిగ్గా నా దారిలో, బియ్యపు గింజ ఆకారంలో ఒక ముక్కని ఎవరూ కొలవలేదు. సాఫ్ట్‌వేర్ దానిమీద నున్నగా నీలం రంగు పూసి ఊరుకుంది.

సంతోషం కలిగిందని చెబితే నన్ను తిట్టుకోకండి. దొరికాడు అల్లుడు, అనుకున్నాను. ఆ వెంటనే భయం వేసింది. ఆ గింజ మీదుగా మనుషులున్న ఓడ నడవాలి. మొదటి ఓడకి దెబ్బ తగిలిందంటే రెండో ఓడకి ఎవరూ ఇన్సూరెన్స్ ఇవ్వరు. తిరిగొచ్చిన కుటుంబాలు మళ్ళీ మూటలు కట్టుకోవాలి. భయం వెనకాలే ఇంకో అనుమానం. ఇంత చిన్న ఖాళీని వేరేవాళ్ళు పంపి ఉంటే నేను ఆపేదాన్నా? ఆపుతున్నది కొలతని చూసా, మనిషిని చూసా?

కాల్ చేశాను.

"అక్కా! సైన్ అయిపోయిందా? ఇక్కడ ఊరంతా రంగులేస్తున్నరు."

"కాలేదు తమ్ముడూ. మెట్ల ముందు ఒక ముక్క మిగిలిపోయింది."

"ఎక్కడ? అంతా నీలమే ఉంది కదా?"

"ఆ నీలం నువ్వు కొలిచింది కాదు, సాఫ్ట్‌వేర్ వేసింది. రోజూ భోజనానికి వెళ్ళేటప్పుడు అక్కడ చాలు వదిలేస్తున్నావు."

అతను తెరకి దగ్గరగా వంగాడు.

"అక్కా... మీరు నేను అన్నం తినే టైం చూస్తున్రా?"

"పడవ జాడ చూస్తున్నా."

"పడవ జాడల నా చేప కనబడ్డదా?"

"ముల్లుతో సహా."

అతను నవ్వలేదు. "సరే, రేపు పోయి గా ముక్క కొలుస్తా. గంట పని."

"కొలిస్తే చాలదు. మునిగిన ఓడ పక్కన సన్నటివి ఏవైనా నిలబడి ఉంటే శబ్దానికి అందకపోవచ్చు. రెండు పడవల మధ్య ఇనుప తాడు కట్టి, ఓడ అడుగు దిగేంత లోతులో ఈడ్చాలి."

"తాడా! అక్కా, అది మా తాతల కాలం పద్ధతి. అంత పెద్ద తాడు తెప్పించాలె, పడవలు మాట్లాడాలె. ఓపెనింగ్ పోస్ట్‌పోన్ అయితది. ఓడను రేవులకు నడిపిచ్చే ఈ ముసలి పైలట్‌కు నేనేమని చెప్పాలె?" అని ఆగి, గొంతు తగ్గించాడు. "ఏమనుకోకున్రి అక్కా. నన్ను పంపిన్రని మీకు మొదటిసంది కోపమే. గా కోపం నా మీద తీర్చుకోన్రి. నది మీద తీర్చుకోకున్రి."

కాల్ ముగించాను. సగం నిజానికి జవాబు చెప్పడం చాలా కష్టం.

యజమాని గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పాను. ఖాళీ సంగతే కాదు, అది నాకెలా కనబడిందో కూడా. అసూయ అని నోటితో అనడం అదే మొదటిసారి. ఇంగ్లీషులో అన్నాను, పరాయి భాషలో సిగ్గు కాస్త తక్కువ. పెద్దాయన కిటికీలోంచి నదిని చూస్తూ విన్నాడు.

"నువ్వు ఎందుకు చూశావో ఓడకి అనవసరం. కనబడ్డాక సంతకం పెట్టగలవా?"

"లేను."

"అయితే తాడు ఈడ్చమను. అతని కోపం నేను మోస్తాను."

తెరిచే రోజు వాయిదా పడింది. ఊళ్ళో రంగులు వేయడం ఆగిపోయింది. కెనడాలో ఎవరో ఆడమనిషి ఓడని రానివ్వడం లేదని మెట్లమీద చెప్పుకున్నారట. ఆ ఊళ్ళో నాకు దొరికిన మొదటి కీర్తి అది. అల్లుడుగారు నాతో పని మాటలు తప్ప మాట్లాడటం మానేశాడు. చేపల సంగతి కూడా చెప్పలేదు. తీరా ఆ కబుర్లు ఆగిపోయాక, కాఫీ ఇంకా చేదెక్కింది.

తాడు వచ్చింది. జాలరులు రెండు పడవలిచ్చారు. మెట్లమీద జనమంతా నిలబడి చూస్తుండగా పడవలు సమాంతరంగా కదిలాయి. ఎవరో పట్టుకున్న ఫోన్‌లో నేను ఇక్కడినుంచి చూస్తున్నాను. తాడు మెట్ల ముందుకి రాగానే రెండు పడవలూ ముక్కులు దగ్గరికి తిప్పుకున్నాయి, వలలో ఏదో పడ్డట్టు. జనం ఒక్కసారిగా అరిచారు. తాడు చక్కెర ఓడ స్తంభానికి తగిలింది. సరుకు ఎత్తే ఇనుప స్తంభం, ఓడ ఒరిగినప్పుడు పక్కకి వాలి, మొన పైకి పెట్టుకుని నీళ్ళ కింద నిలబడి ఉంది. చెయ్యంత లావు మొన.

ఫోన్‌లో అతని మొహం కనబడింది.

"అక్కా" అన్నాడు. "నేను రోజు దానిమీదనుంచే అన్నానికి పోయిన."

"మీ పడవ చిన్నది కాబట్టి సరిపోయింది."

"నవ్వకున్రి."

"నవ్వట్లేదు నాయనా." నిజంగానే నవ్వలేదు.

ఈతగాళ్ళు దిగి ఆ స్తంభాన్ని కోసేశారు. ఊరివాళ్ళు దాన్ని ఒడ్డుకి లాగి, తుప్పు గీకి, మెట్లమీద జెండా కర్రగా నిలబెట్టారు. ఇక్కడే నా అసూయకి రెండో కాన్పు. ఊళ్ళో అందరూ ఏమనుకున్నారంటే, స్తంభాన్ని కనిపెట్టింది నది అల్లుడు! కళ్ళముందు తాడు ఈడ్చింది అతనే కదా. అతనికి కొత్త చొక్కా కుట్టించారు.

అయితే ఆ ఊరి పైలట్లకి ఒక ఆచారం ఉంది. నదిలో కొత్త దారి చెప్పినవాళ్ళెవరైనా, మొదటి ఓడలో అందరికంటే ముందు, ముక్కు దగ్గర కుర్చీలో కూర్చోవాలి. 'నా మాట నిజం' అని నోటితో అంటే చాలదు, కూర్చుని చూపించాలి. యుద్ధానికి ముందు తరతరాలుగా ఇదే పద్ధతట. మొదటి ఓడని నడపబోయే ముసలి పైలట్, కుర్చీ తెప్పించి అల్లుణ్ణి కూర్చోమన్నాడు.

"నేను కాదు" అన్నాడట అతను. "నేను దారిని కొలిచిన, అది కూడా సగమే. గీసింది మా అక్క. నా మాట నమ్మకుండ తాడు ఈడిపించింది కూడ ఆమెనే."

అది విన్నప్పుడు నాకేమనిపించిందో దాచను. మంచితనంలో కూడా నాకన్నా ముందే ఉన్నాడే, అని మండింది.

ముసలి పైలట్ నాతోనే మాట్లాడతానన్నాడు. తెరమీద తెల్లగడ్డం, ఓడల వాళ్ళ ఇంగ్లీషు. "సోదరీ, మీరు రాలేరా?"

"మోకాలు..." అన్నాను. ఎంత చిన్న మాట!

"కుర్చీ ఖాళీగా ఉంటే నేను ఓడ కదపను."

"అయితే దీన్ని కూర్చోబెడదాం" అన్నాడు మా వాడు, ఫోన్ పైకెత్తి.

ఆ రోజు పొద్దున మా ఆఫీసులో నేను, యజమాని, మధ్యలో చల్లారిపోతున్న కాఫీలు. అక్కడ ఓడ ముక్కు దగ్గర టీ పొయ్యి ఆవిడ ఇచ్చిన తాటాకు రంగు కుర్చీ, దానికి తాడుతో కట్టిన ఫోన్, అందులో నేను. కుర్చీ పక్కనే నిలబడి అతను. నాకు ముందు నది తప్ప ఏమీ కనబడటం లేదు. అంకెలుగా, అతని వెనకాల మెరుపుగా తప్ప ఎరగని నది. ఇంత దగ్గరగా చూస్తే గోధుమ రంగులో ఉంది. నేనెప్పుడూ నీలమనుకునేదాన్ని.

మలుపు వచ్చింది. దూరంగా జెండా, మెట్లమీద జనం చీమల్లా. ఎడమవైపు నీళ్ళలోంచి చక్కెర ఓడ వీపు. "వచ్చినమక్కా, ఇగో..." అన్నాడు అతను. తెర ఆగిపోయింది.

సిగ్నల్ పోయింది. జనమంతా ఒకేసారి ఫోన్లు తీసి వీడియో తీస్తుంటే ఆ ఊరి ఒక్కగానొక్క టవర్ ఏమవుతుంది పాపం. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు తెలిసింది ఒక్కటే. అతను నిలబడ్డది నా గీతమీద. గీత కాస్త అటూ ఇటూ అయితే ముందు పోయేది అతను. ఇంకో స్తంభం ఉందేమో. తాడు పట్టనిది, నా కంటపడనిది. చేపలు తిను, చొక్కాలు తొడుక్కో, అల్లుడివే అవ్వు, ఒడ్డుకి మాత్రం చేరు నాయనా, అనుకున్నాను. పైకే అన్నానేమో, యజమాని నావైపు చూశాడు. కిటికీ బయట మా నదిలో ఒక సరుకు ఓడ నిదానంగా, ఏ చింతా లేకుండా పోతోంది. దాని దారి ఎవరు గీశారో!

తెర కదిలింది. ముందు ఆకాశం. తర్వాత ఇనుప పిట్టగోడ. ఆ తర్వాత నా మొహం ముందుకు ఒక పళ్ళెం వచ్చింది. నిలువునా చీరి కాల్చిన చేప, పైన నిమ్మచెక్క. వెనకనుంచి డప్పులు, అరుపులు, ఓడ కూత.

"అక్కా! రేవుల ఉన్నం! కుర్చీల కూసున్నోళ్ళకు మొదటి చేప ఇస్తరట. ఇది మీ వాటా." పళ్ళెం తనవైపు తిప్పుకున్నాడు. "చల్లారితే బాగుండది. మీ బదులు తింటున్నా, ఏమనుకోకున్రి."

తిన్నాడు. నా కళ్ళముందు, నా చేపని, ముల్లు కూడా మిగల్చకుండా. నేను ఏడుస్తున్నానని యజమాని టిష్యూల డబ్బా జరిపాడు. చేప కోసమని ఆయన అనుకుని ఉండడు. నేనూ గట్టిగా కాదని చెప్పలేను.

ఇప్పుడు ఆ రేవులో ఓడలు వరసలో నిలబడి వంతు కోసం చూస్తున్నాయి. గడియారం గోపురం కట్టారు, ముళ్ళు తిరుగుతున్నాయి. ఉద్యోగాల్లో కొత్తగా చేరే మీకు అసూయపడమని చెప్పను. పడితే మాత్రం కళ్ళు తెరుచుకుని పడండి. ఊరికే పడితే మనకే అరుగుదల. దాన్ని పనిలో పెట్టండి, మంచి తనిఖీదారు అది, సెలవులడగదు.

మా వాడు ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు, కాల్గరీలో. ఆ ఊరికి ఏడాదికోసారి వెళ్ళొస్తాడు, అల్లుడు కదా. పోయిన నెల అక్కడినుంచి ఫోన్ చేశాడు, గొంతులో ఉక్రోషం.

"అక్కా, ఇది అన్యాయం. మీ కుర్చీ ఇక్కడ టీ కొట్టుల పెట్టిన్రు. ఎవ్వర్నీ కూసోనిస్తలేరు. నన్ను కూడ! 'అది గీత గీసినామెది' అంటున్నది ఆమె. ఇంత తిరిగినోణ్ణి, ఇన్ని చేపలు తిన్నోణ్ణి, నిలబడి చాయ్ తాగుతున్నా."

"ఓర్చుకో తమ్ముడూ. మోకాళ్ళు గట్టివే కదా నీవి" అన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తర్వాత ఫోటో పంపాడు. రేకుల కింద అదే కుర్చీ, నదివైపు తిప్పి పెట్టి ఉంది. ఎదురుగా సాయంత్రపు నీళ్ళు, చక్కెర ఓడ వీపు, స్తంభమ్మీద జెండా, రేవులోకి తిరుగుతున్న ఒక ఓడ. ఎవరో సీటు మీద దుమ్ము తుడిచినట్టున్నారు, మెరుస్తోంది.

మా ఆయనకి చూపించాను. "ఇంకేం, సాధించావు" అన్నాడు.

ఫోటో పెద్దది చేసి మళ్ళీ చూశాను. రోజూ సాయంత్రం అక్కడ కూర్చుని ఆ ఊరంతా చూస్తోంది, దాని మొహం మండ, ఆ కుర్చీ.